బంతి బంకర్ దాటడం లేదా? ముందు వెడ్జ్ అడుగు చూడండి

గోల్ఫ్‌లో బంకర్ (ఇసుక గుంట) నుంచి షాట్ చెడితే అందరూ స్వింగ్‌నే తప్పుపడతారు. తప్పు చాలాసార్లు క్లబ్ అడుగుభాగంలో, అంటే సోల్‌లో ఉంటుంది. వెడ్జ్ అంటే ముఖం బాగా వెనక్కి వాలిన క్లబ్. చాలా వెడ్జ్‌ల మీద 56-12 లాంటి రెండు అంకెలు చెక్కి ఉంటాయి. మొదటిది లాఫ్ట్, ముఖం ఎన్ని డిగ్రీలు వెనక్కి వాలిందో చెబుతుంది. రెండోది బౌన్స్, సోల్ వెనక అంచు ముందు అంచుకన్నా ఎన్ని డిగ్రీలు కిందికి ఉందో చెబుతుంది. ఇసుకలో క్లబ్‌ను కూరుకుపోకుండా జారనిచ్చేది ఈ రెండోదే. 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫర్ జీన్ సారజెన్ తన వెడ్జ్ సోల్ వెనక లోహం చేర్చింది కూడా ఇందుకే.

ముందు ఒక పరీక్ష. ప్రాక్టీస్ బంకర్‌లో ఒక గీత గీసి, బంతి లేకుండా ఆ గీత మీదే ఇసుకను కొట్టండి. పదిసార్లలో ఏడెనిమిది సార్లు గీత దగ్గరే ఇసుక లేస్తోందంటే మీ స్వింగ్ బాగానే ఉంది, క్లబ్‌ను అనుమానించవచ్చు. ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతోందంటే కొత్త వెడ్జ్ కొనకండి. ముందు అది సరిచేసుకోండి.

క్లబ్ ఇసుకలో దిగబడి, బంతి అక్కడే ఉండిపోతోంది

కారణం: మెత్తటి, లోతైన ఇసుకలో 4 నుంచి 8 డిగ్రీల బౌన్స్ ఉన్న వెడ్జ్ వాడటం. లాఫ్ట్ తక్కువుండే పిచింగ్ వెడ్జ్‌తో ఇది ఇంకా ఎక్కువ, దాని ముందు అంచు పారలా దూరిపోతుంది. సరైన వెడ్జ్ ఉన్నా చేతులు బంతికన్నా బాగా ముందుకు వాలితే బౌన్స్ మాయమవుతుంది.

పరిష్కారం: 54 నుంచి 58 డిగ్రీల లాఫ్ట్, 10 నుంచి 14 బౌన్స్, వెడల్పు సోల్ ఉన్న శాండ్ వెడ్జ్ తీయండి. ముందు ముఖాన్ని తెరిచి, అంటే ఇంకాస్త పైకి చూసేలా తిప్పి, ఆ తర్వాత గ్రిప్ పట్టుకోండి. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే కొట్టేటప్పుడు మళ్లీ మూసుకుపోతుంది. బంతికి రెండు అంగుళాల వెనక సోల్ తగలాలి. నిటారుగా దించి కొట్టే అలవాటున్నవాళ్లకు ఎక్కువ బౌన్స్ మరీ అవసరం.

బంతి గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) దాటి అవతలికి దూసుకుపోతోంది

పైదానికి సరిగ్గా తిరగబడ్డ కేసు ఇది. తడిసి గట్టిపడ్డ ఇసుక, లేదా కింద నేల తగిలేంత పలచని ఇసుక మీద 14 బౌన్స్ వెడ్జ్ ఎగిరిపడి, ముందు అంచు నేరుగా బంతి నడుముకు తగులుతుంది. 58 లేదా 60 డిగ్రీల లాబ్ వెడ్జ్‌లో 4 నుంచి 8 బౌన్స్ ఉన్నది తీసుకోండి. అది లేకపోతే శాండ్ వెడ్జ్ ముఖం తెరవకుండా వాడండి, తెరిచేకొద్దీ బౌన్స్ పెరుగుతుంది. బరువు వెనక కాలి మీద ఉండి బంతిని లేపబోయినా ఇలాగే అవుతుంది, అదీ చూసుకోండి.

ఇసుక ఎలా ఉందో చేత్తోనో క్లబ్‌తోనో తాకి చూడటం నిబంధనలకు విరుద్ధం. మొత్తం స్ట్రోకులు లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది. నిలబడేటప్పుడు పాదాలు కుదురుగా పాతుకోవచ్చు, మెత్తనా గట్టా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

బయటపడుతోంది కానీ జెండాకు చాలా ముందే ఆగిపోతోంది

30, 40 గజాల బంకర్ షాట్‌లో శాండ్ వెడ్జ్‌తో బలమంతా పెట్టడం వల్ల వచ్చే చిక్కు. స్వింగ్ అలాగే ఉంచి క్లబ్ మార్చండి: లాఫ్ట్ తక్కువుండే గ్యాప్ వెడ్జ్, పిచింగ్ వెడ్జ్, బంకర్ ఎదుటి అంచు తక్కువగా ఉంటే 9 ఐరన్. వీటి బౌన్స్ తక్కువ కనుక ముఖం కొద్దిగా తెరవండి. బంతి తక్కువ ఎత్తులో వెళ్లి ఎక్కువ దొర్లుతుంది, ఆ లెక్కతో ముందే దించాలి.

బంతి సగం ఇసుకలో పూడుకుపోయింది

ఇక్కడ మాత్రం దిగబడటమే కావాలి. ముఖం నేరుగా, లేదా కాస్త మూసి, నిటారుగా కొట్టండి. తక్కువ బౌన్స్ వెడ్జ్, పిచింగ్ వెడ్జ్ కూడా, బాగా పనిచేస్తాయి. స్పిన్ దాదాపు ఉండదు. అసలు ఆడలేని చోటైతే బంకర్‌లోనే డ్రాప్‌కు (బంతిని తీసి వేరే చోట వదలడానికి) ఒక స్ట్రోక్, జెండా నుంచి బంతి మీదుగా వెళ్లే గీతలో వెనక్కి బంకర్ బయట డ్రాప్‌కు రెండు స్ట్రోకుల పెనాల్టీ.

ఫెయిర్‌వే (గ్రీన్‌కు వెళ్లే గడ్డి దారి) బంకర్‌లో బంతి ఎదుటి అంచుకు తగులుతోంది

దూరం చూసి క్లబ్ ఎంచుకోవడమే కారణం. మొదట బంకర్ ఎదుటి అంచు ఎత్తు చూడాలి. బంకర్ బయట గడ్డి మీద క్లబ్ ముఖం పైకి ఉండేలా పెట్టి, ముఖాన్ని పాదంతో నొక్కండి. షాఫ్ట్ (క్లబ్ కర్ర) లేచిన కోణం ఆ క్లబ్‌తో బంతి లేచే దారిని ఉజ్జాయింపుగా చూపిస్తుంది. అంచు దాటేలా కనిపించే క్లబ్‌లలో పొడవైనది తీసుకుని, గ్రిప్ ఒక అంగుళం కిందికి పట్టి, ముందు బంతి, తర్వాత ఇసుక తగిలేలా కొట్టండి. ఏ క్లబ్బూ సందేహం లేకుండా దాటేలా లేకపోతే శాండ్ వెడ్జ్‌తో పక్కకు ఆడి ఫెయిర్‌వేకి చేరండి.