పాత బాక్‌స్టర్‌కు ఏపీ నంబరు: ఎన్‌వోసీకి ముందే చూసుకోవాల్సినవి

పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బంధువొకాయన నిరుడు బెంగళూరులో 2006 మోడల్ పోర్షే బాక్‌స్టర్ కారు కొన్నారు. పై రకమైన ‘ఎస్’ కాదు, 2.7 లీటర్ల మామూలు బాక్‌స్టర్. మొదటి ఓనరు కంటికి రెప్పలా చూసుకున్న బండి. పెయింటు కంపెనీదే, సీట్ల తోలు మీద ఒక్క పగులు లేదు. అలాంటి బండి నంబరు మారక నాలుగు నెలలు టార్పాలిన్ కింద ఉప్పుగాలికి పడి ఉంది. కారణం ఒక్క అక్షరం.

ముందు ఒక మాట. ‘ఇరవయ్యేళ్ల బండి కదా, వింటేజ్ నంబరు తెప్పిస్తా’ అని ఏజెంటు ఎవరైనా అంటే డబ్బులివ్వకండి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటాలి. ఇది మామూలు కారే, మామూలు దారిలోనే వెళ్లాలి.

ఆ దారి కష్టమేమీ కాదు. బండి ఏ ఆర్టీవో ఆఫీసు కింద ఉందో అక్కడ ఫారం 28తో ఎన్‌వోసీ, అంటే బండిని వేరే చోటికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న పత్రం, తీసుకోవాలి. అమ్మకానికి ఫారం 29, 30. లోను ఉండి ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35. ఇక్కడికి తెచ్చాక కొత్త నంబరుకు ఫారం 27, లైఫ్ ట్యాక్స్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. ఒరిజినల్ ఇన్‌వాయిస్ ఉంటే అడిగి తీసుకోండి, ట్యాక్స్ లెక్క దగ్గర పనికొస్తుంది.

జనం ఆగిపోయేది ఎన్‌వోసీ దగ్గర. దానికి చాసిస్ నంబరు, అంటే బండి బాడీ మీద చెక్కి ఉండే గుర్తింపు నంబరు, పెన్సిల్ ప్రింట్ కావాలి. బాక్‌స్టర్‌లో ఇంజను సీట్ల వెనక ఉంటుంది, నంబరు మాత్రం ముందు డిక్కీలో బ్యాటరీ దగ్గర చూడాలి. గుడ్డతో మసి తుడిచి, పల్చటి కాగితం అదిమిపెట్టి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు తేలతాయి. ఆ కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టి 17 అక్షరాలూ ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదవండి.

పోర్షే నంబరు డబ్ల్యూ, పీ, సున్నాతో మొదలవుతుంది. మా వాళ్ల ఆర్సీలో ఆ సున్నా స్థానంలో ఇంగ్లీషు ‘ఓ’ పడింది. చాసిస్ నంబర్లలో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు. ఆ తప్పే ఎన్‌వోసీలోకీ ఎక్కింది. ఇక్కడ తనిఖీలో ప్రింట్‌తో సరిపోలక ఫైలు వెనక్కి వచ్చింది. ‘ఇక్కడే సరిచేయిస్తా’ అని ఒకతను పాతిక వేలు పట్టుకెళ్లి మళ్లీ ఫోన్ ఎత్తలేదు. నిజానికి ఆ దిద్దుబాటు పాత ఆఫీసులోనే, రికార్డులో ఓనరుగా ఉన్న అమ్మినాయన సంతకంతోనే జరగాలి. ఆయన మంచివాడు కాబట్టి వచ్చి పెట్టాడు. మీకు అమ్మేవాళ్లు డబ్బు ముట్టాక వస్తారన్న నమ్మకం లేదు, అందుకే ఆర్సీ సరిచేయించాకే పూర్తి సొమ్ము ఇవ్వండి.

ఆలస్యమైతే టెన్షన్ పడొద్దు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఎన్‌వోసీ ఇస్తున్నారో లేదో చెప్పాలని మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్‌లోనే ఉంది. దరఖాస్తు రసీదు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

హైదరాబాద్ బండి అయితే ఇంకో మెలిక. ఏపీ 09, ఏపీ 10, ఏపీ 28 అని చూసి ‘మన నంబరే’ అనుకోకండి. 2014 జూన్ 2 తర్వాత ఆ ఆఫీసులు తెలంగాణవి, ఎన్‌వోసీ అక్కడి నుంచే రావాలి.

ఆర్సీ గడువు కూడా చూడండి. మొదట 15 ఏళ్లు, ఆ పైన ఐదేళ్లకోసారి రెన్యువల్. 2006లో రిజిస్టరై 2021లో రెన్యువల్ అయిన బండికి 2026లో మళ్లీ గడువు. అప్పట్లో ఫీజు తక్కువ. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి కారుకు 40 వేలు. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటితే 80 వేలు. ఈ బండి విదేశంలో తయారై దిగిందే కాబట్టి ఈ లెక్కే వస్తుంది. సరిగ్గా గడువు ముందు బేరానికి పెట్టారంటే ఈ ఖర్చు మీ మీద పడబోతోందని అర్థం. రెన్యువల్ ఎవరు చేయించాలో బేరంలోనే తేల్చుకోండి.

వెనక ‘ఎస్’ అని అతికించి ఎక్కువ ధర చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆర్సీలో 2687 సీసీ ఉంటే అది మామూలు రకమే. సైలెన్సర్ గొట్టం మధ్యలో కోలగా ఒకటే ఉంటుంది, ‘ఎస్’కు గుండ్రంగా రెండుంటాయి. కింది రకమని చిన్నచూపు మాత్రం వద్దు. ఏదీ మార్చని మామూలు బాక్‌స్టర్, చేతులు మారి మారి నలిగిన ‘ఎస్’ కంటే ఎంతో మేలు, తనిఖీలోనూ ఇబ్బంది పెట్టదు.

కొత్త ఆర్సీ చేతికి రాగానే పేరు, అడ్రసు కంటే ముందు చాసిస్ నంబరులో ఆ మూడో అక్షరం చూడండి.