సంక్రాంతి అయ్యాక అండమాన్ డైవింగ్‌కి ఎళ్తున్న సిక్కోలు బ్యాచ్‌కి

మనోళ్లకి అండమాన్ అంటే సగం సొంతూరే, పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరికో ఒకరికి మేనమామో పిన్నో ఉంటాది, అందుకే మా కళింగపట్నం గుంటలు పండగ అవగానే స్కూబాకి తయారు. 10-12 మీటర్ల ట్రయల్ డైవ్ చేసేవోళ్లకి ఒకటే మాట, పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. చిన్నప్పట్నుంచి బిగబట్టి మునగడమే కదా మనకి అలవాటు, సిలిండర్ గాలితో అలా చేస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి.

నా భయమంతా 30 మీటర్ల కోర్సు చేసేవోళ్ల గురించే. ప్రతి 10 మీటర్లకి ఒక అట్మాస్ఫియర్ ప్రెషర్ పెరుగుతాది, 30 దగ్గర ఒడ్డు మీదకంటే నాలుగింతలు, దాంతో గాలిలో నైట్రోజన్ ఒంట్లో ఎక్కువ కరిగి మెదడుకి మత్తిచ్చినట్టు అవుతాది. నార్కోసిస్ అంటారు.

నాకు పోయినేడు అయ్యింది. బడ్డీ (నాతో జతగా దిగినోడు) రెండు వేళ్లు చూపిస్తే నేను ఒకటి కలిపి మూడు చూపించాలి, పడవ మీదే అనుకున్నాం. నేను నవ్వుకుంటా రెండే చూపించి, వాడి వేళ్లూ నా వేళ్లూ మార్చి మార్చి చూస్తా ఉండిపోయాను. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపించే గేజ్ ముల్లు 90 మీద ఉంది, 90 అని చదివాను గానీ అది ఎక్కువో తక్కువో తట్టలేదు. వాడు బొటనవేలు పైకి చూపించి (పైకి పోదాం అని) ఐదారు మీటర్లు తీసుకొచ్చేసరికి బుర్ర మామూలయ్యింది.

"సీనియర్లకి ఏటీ అవదు" అంటారు గదా, అది నమ్మకండి. చాలాసార్లు దిగినోళ్లకి మత్తు ఎక్కిందన్న ఫీలింగ్ తగ్గుతాది, కానీ టెస్టులు పెట్టి చూస్తే రియాక్షన్ స్పీడ్ మాత్రం అంతలా బాగుపడట్లేదు, రోజూ తాగేవోడు "నాకెక్కలేదురా" అని బండి తీసినట్టే ఇది కూడా. వాళ్లకి కలిసొచ్చేది చేతి అలవాటు, ఆలోచించక్కర్లేకుండా చెయ్యి గేజ్ మీదకి ఎళ్తాది. కాబట్టి మాస్క్‌లోకొచ్చిన నీళ్లు తీసెయ్యడం, బడ్డీ సిలిండర్ గాలి తీసుకోవడం లాంటివి లోతు తక్కువ ఉన్నప్పుడే విసుగొచ్చేదాకా చెయ్యండి.

  

ముందురోజు రాత్రి మందు వద్దు, నిద్ర పూర్తిగా పోండి, జలుబు మాత్ర ఏసుకుంటే డైవ్ మానేయండి. దిగడం మెల్లగా, కింద ఆయాసం వచ్చేలా ఈదకండి, ఆయాసం వస్తే మత్తు ఇంకా ముదురుతాది. ఎంత గాలి మిగిలితే వెనక్కి తిరగాలో పైనే మాటనుకోండి, పడవెక్కేసరికి గేజ్ మీద ఇంకా 50 బార్ ఉండాలి. కింద మరీ హుషారుగా అనిపించినా సరే, ఊరికే భయమేసినా సరే, సిగ్నల్ ఇచ్చి కొంచెం పైకి రండి, అక్కడ పరువు చూసుకోకండి.

వరసగా డైవ్‌లు చేస్తే ఫ్లైట్ ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, వైజాగ్ రిటర్న్ టికెట్ తీసేముందు లెక్క చూసుకోండి, మా బావ ఇప్పటికే పొద్దున ఫ్లైట్ బుక్ చేసేశాడు, క్యాన్సిల్ చేయించాలి.