ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో లీగ్ స్కోరింగ్‌ని బట్టి ఆటగాడి విలువ లెక్కకట్టడం ఎలా?

ఫాంటసీ ఫుట్‌బాల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకుని (దాన్నే డ్రాఫ్ట్ అంటారు) జట్టు కడతాం, అసలు ఆటల్లో వాళ్లు చేసినదాన్ని బట్టి మనకి పాయింట్లు వస్తాయి. 2020లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో టెనెసీ టైటన్స్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) డెరిక్ హెన్రీ 2,027 యార్డులు పరిగెత్తి 17 టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోర్లు) చేశాడు. పట్టిన పాస్‌లు మాత్రం 19, వాటి మీద వచ్చింది 114 యార్డులు. అదే ఏడు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కి ఆడిన ఆల్విన్ కమారా పరుగు 932 యార్డులే. కానీ 83 క్యాచ్‌లు, వాటితో 756 యార్డులు, మొత్తం 21 టచ్‌డౌన్లు.

ఫంబుల్స్ (బంతి చేజార్చడం) పక్కనపెట్టి లెక్కేస్తే, క్యాచ్‌కి పాయింటు లేని స్టాండర్డ్ స్కోరింగ్‌లో హెన్రీకి 316.1, కమారాకి 294.8. క్యాచ్‌కి ఒక పాయింటు ఇచ్చే పీపీఆర్‌లో కమారా 377.8, హెన్రీ 335.1. అరపాయింటు ఇచ్చే హాఫ్ పీపీఆర్‌లోనూ కమారాదే పైచేయి. క్యాచ్‌కి మూడోవంతు పాయింటు దగ్గర ఇద్దరూ సరిసమానం. కాబట్టి రూల్స్ చూడకుండా "వీళ్లిద్దరిలో ఎవరు మేలు" అని అడగడం దండగ.

1. ముందు సెట్టింగ్స్ పేజీ చదవండి

డ్రాఫ్ట్‌కి కనీసం వారం ముందు లీగ్ సెట్టింగ్స్ తెరిచి ఇవి రాసుకోండి: క్యాచ్‌కి ఎంత, పాసింగ్ టచ్‌డౌన్‌కి 4 పాయింట్లా 6 పాయింట్లా, ఇంటర్‌సెప్షన్‌కి (ప్రత్యర్థి పట్టేసిన పాస్‌కి) ఎంత కోత, 100 యార్డులు దాటితే బోనస్ ఉందా, టైట్ ఎండ్‌కి (ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూ పాస్‌లూ పట్టేవాడికి) అదనంగా ఏమైనా ఇస్తున్నారా, జట్లు ఎన్ని, ఏ స్థానంలో ఎంతమందిని ఆడించాలి. ఫాంటసీ సైట్లలో ఈఎస్‌పీఎన్‌లో మామూలుగా పీపీఆర్, యాహూలో హాఫ్ పీపీఆర్ ఉంటాయి. లీగ్ నడిపే కమిషనర్ వీటిలో దేన్నైనా మార్చి ఉండొచ్చు. ఆఫీసు లీగుల్లో ఇది మరీ ఎక్కువ.

ఇంటర్‌సెప్షన్ కోత చిన్న విషయంలా కనిపిస్తుంది. 2019లో క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) జేమిస్ విన్‌స్టన్ 5,109 యార్డులు విసిరాడు, 30 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. కోత 1 అయితే పోయేది 30 పాయింట్లు, 2 అయితే 60. ఆ ఏడు 6 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చిన లమార్ జాక్సన్‌కి ఆ తేడా 6 పాయింట్లే.

2. పాయింట్లు మీరే కట్టండి

వెబ్‌సైట్లు ఇచ్చే "అంచనా పాయింట్లు" వాళ్ల రూల్స్‌తో కట్టినవి. అందుకే యార్డులు, క్యాచ్‌లు, టచ్‌డౌన్ల అంచనాలు తీసుకుని, స్ప్రెడ్‌షీట్‌లో మీ లీగ్ రూల్స్‌తో గుణించండి. పరుగు, క్యాచ్ యార్డులు 10కి 1 పాయింటు, పాసింగ్ యార్డులు 25కి 1, పరుగు లేదా క్యాచ్ టచ్‌డౌన్‌కి 6 అన్నది చాలా లీగుల్లో ఉండే లెక్క. ఈ లెక్కన క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తిన ఒక యార్డు అతను విసిరిన రెండున్నర యార్డులతో సమానం. 2019లో జాక్సన్ పరిగెత్తిన 1,206 యార్డులు 3,015 పాసింగ్ యార్డుల విలువ చేశాయి.

3. మొత్తం కాదు, తేడా చూడండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. క్రికెట్ ఫాంటసీలో ఒకే ఆటగాడిని లక్షలమంది తీసుకోవచ్చు. డ్రాఫ్ట్ లీగులో అతను ఒక్క జట్టుకే దక్కుతాడు. అందుకని ఆటగాడి విలువ అంటే అతని పాయింట్లలోంచి ఆ స్థానంలో చివరికి అందరికీ దొరికేవాడి పాయింట్లు తీసేయగా మిగిలింది. 12 జట్లు, ఒక్కో క్వార్టర్‌బ్యాక్ అయితే కొలబద్ద 12వ క్వార్టర్‌బ్యాక్. ఇద్దరేసి రన్నింగ్ బ్యాక్‌లు ఉంటే 24వ వాడు, ఫ్లెక్స్ స్థానం (రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరినైనా ఆడించగల చోటు) కూడా ఉంటే 30 దాకా వెళ్లండి.

పాసింగ్ టచ్‌డౌన్‌కి 6 ఇస్తున్నారని క్వార్టర్‌బ్యాక్ కోసం ఎగబడేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి. 40 టచ్‌డౌన్లు విసిరేవాడికి అదనంగా 80 వస్తాయి, 26 విసిరే 12వ వాడికి 52. పెరిగిన తేడా 28, అంటే 17 ఆటల మీద ఆటకి రెండు పాయింట్లు కూడా కాదు. పరుగు మీద బతికే క్వార్టర్‌బ్యాక్ ఆధిక్యం మాత్రం ఈ రూలుతో కొంత తగ్గుతుంది.

సూపర్‌ఫ్లెక్స్ సంగతి వేరు. రెండో క్వార్టర్‌బ్యాక్‌ని కూడా ఆడించగలిగే 12 జట్ల లీగులో వారానికి 24 మంది కావాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. బై వారాలు (జట్టుకి ఆట లేని వారాలు), గాయాలు కలిస్తే వేవర్‌లో (ఏ జట్టూ తీసుకోనివాళ్ల జాబితాలో) పనికొచ్చేవాడు మిగలడు. అక్కడ మొదటి రెండు రౌండ్లలో ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోకపోతే సీజనంతా తిప్పలే.

4. టైట్ ఎండ్ ప్రీమియం, బోనస్‌లు

టైట్ ఎండ్ క్యాచ్‌కి 1.5 ఇచ్చే లీగులో 105 క్యాచ్‌లు పట్టిన 2020 నాటి ట్రావిస్ కెల్సీకి అదనంగా 52.5 పాయింట్లు వస్తాయి. కానీ 50 పట్టే మామూలువాడికీ 25 వస్తాయని మరవకండి. అసలు మార్పు ఫ్లెక్స్‌లో కనిపిస్తుంది. ఇదివరకు వైడ్ రిసీవర్‌కే (పాస్‌లు పట్టడమే ప్రధాన పనిగా ఉన్నవాడికే) ఇచ్చిన చోట రెండో టైట్ ఎండ్‌ని ఆడించడం లాభసాటి అవుతుంది.

100 యార్డుల బోనస్ లీగుల్లో ఒక వారం చెలరేగి మరో వారం చల్లబడే రిసీవర్ల విలువ కాస్త పెరుగుతుంది. దాన్ని ముందుగా అంచనా వేయడం కష్టం కాబట్టి, ఇద్దరు సమానంగా ఉన్నప్పుడే లెక్కలోకి తీసుకోండి. కిక్కర్‌కి రూల్స్ ఎలా ఉన్నా చివరి రౌండే.

5. మీ జాబితాని లీగులో మిగతావాళ్ల అంచనాతో పోల్చండి

మీ లెక్కలో 20వ స్థానంలో ఉన్నవాడిని 20కే తీసుకోనక్కర్లేదు. సగటు డ్రాఫ్ట్ స్థానం, అంటే ఏడీపీ చూడండి. అయితే అది మీలాంటి రూల్స్ ఉన్న లీగులదే అయ్యుండాలి. 12 జట్ల స్నేక్ డ్రాఫ్ట్‌లో (ప్రతి రౌండుకీ వంతుల వరస తిరగబడుతుంది) మొదటి స్థానం మీదైతే మీ పిక్‌లు 1, 24, 25, 48. ఏడీపీ 45 ఉన్నవాడు 48 దాకా మిగులుతాడని నమ్మలేం, 25కే తీసుకోవాలి. ఐదో స్థానమైతే పిక్‌లు 5, 20, 29, 44. అతను తప్పక కావాలంటే 29కి తీసుకోండి, 44 దాకా ఆగడం జూదం.