పిల్లలతో బాదామి కొండగండిలో నడక

కర్ణాటకలోని బాదామికి వెళ్లిన కుటుంబాలు చాలావరకు దక్షిణపు కొండలోని నాలుగు గుహాలయాలను చూసి, అగస్త్య తీర్థం అనే చెరువు గట్టున ఫోటోలు తీసుకొని తిరిగి వచ్చేస్తాయి. చెరువుకు అవతలి ఒడ్డున, పురావస్తు మ్యూజియం పక్కనుంచి ఉత్తరపు కోటకు ఎక్కే దారి మాత్రం వారి లెక్కలోకి రాదు. ఎర్రని ఇసుకరాతి కొండ నిలువునా చీలి ఏర్పడిన ఇరుకు సందులోంచి సాగే దారి అది. రెండు కొండల నడుమ ఇలా తెరుచుకున్న చోటును మనవారు గండి అంటారు, గండికోటకు ఆ పేరు వచ్చింది కూడా అందుకే. పిల్లలకు గుహల కంటే ఈ గండే ఎక్కువ నచ్చుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే గుహలో నిలబడి చూడాలి, ఇక్కడ మలుపు తరువాత ఏముందో నడిచి తెలుసుకోవాలి.

బాగల్‌కోట్ జిల్లాలోని ఈ ఊరికి గదగ్, విజయపుర మధ్య నడిచే రైళ్లలో చేరుకోవచ్చు. స్టేషన్ ఊరికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడినుంచి ఆటో తీసుకోవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఎండాకాలంలో రాయి సెగలు కక్కుతుంది, వానలో మెట్లు జారుతాయి.

నడకను ఉదయాన్నే మొదలుపెట్టడం మంచిది. ఎండ ఎక్కకముందు గండి లోపల చల్లగా ఉంటుంది, పైన కోట మీద మాత్రం నీడ తక్కువ. గుహాలయాల ముఖం ఉత్తరానికి ఉండటం వల్ల మధ్యాహ్నం కూడా వాటిలో నీడ దొరుకుతుంది, అందుకే వాటిని ఆ వేళకు మిగుల్చుకోవాలి. పిల్లల నడకతో, ఆగుతూ ఎక్కి దిగడానికి దాదాపు రెండు గంటలు కేటాయించుకుంటే తొందర ఉండదు.

మెట్లు కొన్నిచోట్ల నిటారుగా, ఎత్తుగా ఉంటాయి. ఐదారేళ్లు దాటిన పిల్లలు ఎవరైనా చేయి అందిస్తే ఎక్కగలరు. చంటిబిడ్డను చంకన ఎత్తుకుంటే పట్టుకోవడానికి చేయి ఖాళీగా ఉండదు కాబట్టి, వీపుకో రొమ్ముకో కట్టుకొనే సంచి తీసుకెళ్లాలి. చక్రాల బండికి ఇక్కడ పని లేదు. చెప్పులకు బదులు అడుగున పట్టు ఉన్న బూట్లు వేయాలి.

అన్నిటికంటే ముఖ్యం కోతుల సంగతి. చేతిలో ప్లాస్టిక్ కవరు గరగరలాడిందంటే చాలు, అందులో ఏముందో చూడకుండానే లాక్కుపోతాయి. తినుబండారాలను బసలోనే వదిలి, నీళ్ల సీసాను జిప్ ఉన్న సంచిలో పెట్టుకోవాలి. కోతి ఎదురైతే పరిగెత్తకుండా, దాని కళ్లలోకి చూడకుండా, పక్కకు తప్పుకొమ్మని పిల్లలకు కిందనే చెప్పి ఉంచాలి.

గండిలోకి అడుగుపెట్టాక కాసేపు ఆగి, గోడను దగ్గరగా చూపించండి. ఒకదానిపై ఒకటి పేర్చినట్టు పొరలు కనిపిస్తాయి. అరచేతితో రాస్తే సన్నని ఇసుక అంటుకుంటుంది. ఒకప్పుడు నీరు తెచ్చి పోసిన ఇసుకే గట్టిపడి ఈ కొండ అయిందని అప్పుడు చెబితే, పాఠంలా కాకుండా చేతికి అంటిన విషయంగా గుర్తుంటుంది.

కథ కావాలంటే అదీ ఉంది. పాలు పట్టాక బిడ్డ పొట్ట నిమురుతూ మన అమ్మమ్మలు అనే 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' మాటలోని వాతాపి పేరే ఈ ఊరి పాత పేరు. మేకగా మారి, వంటకమై, అతిథుల పొట్ట చీల్చుకు వచ్చే రాక్షసుణ్ణి అగస్త్యుడు అరిగించుకున్న కథను మెట్ల మీద సగం చెప్పి ఆపితే, మిగతా సగం కోసం పిల్లలు వాళ్లంతట వాళ్లే పైకి ఎక్కుతారు.

చాళుక్య రాజు మొదటి పులకేశి క్రీ.శ. 543లో ఇక్కడ కోట కట్టించాడని శిలాశాసనం చెబుతోంది. మన వేంగిని ఏలిన తూర్పు చాళుక్యులు ఈ వంశపు శాఖే. పైన కావలి బురుజు, ధాన్యపు కొట్లు, దిగువ శివాలయం, ఎగువ శివాలయం వరుసగా తగులుతాయి. ఎగువ శివాలయం గోడలపై గోవర్ధనం ఎత్తిన కృష్ణుణ్ణి వెతకమని పిల్లలకు పని అప్పగించవచ్చు. కొండ అంచుల్లో అన్నిచోట్లా కమ్మీలు లేవు కాబట్టి పైన ఉన్నంతసేపు చిన్నవారి చేయి వదలకూడదు, కంచె వేసిన చోట్లకు వెళ్లకూడదు.

దిగేటప్పుడే కాళ్లు తడబడతాయి. పెద్దవారొకరు పిల్లల కంటే ఒక మెట్టు ముందు దిగాలి. దిగిన తరువాత మ్యూజియం చూడవచ్చు, శుక్రవారం దానికి సెలవు. సాయంత్రం చెరువు తూర్పు కొసన ఉన్న భూతనాథ ఆలయానికి గట్టు వెంబడి నడవండి. పడమటి ఎండ సూటిగా పడి అక్కడి కొండలు మరింత ఎర్రబడతాయి. నీళ్లలోకి దిగే మెట్లకు పాచి పట్టి ఉంటుంది, పిల్లలను పై మెట్టు మీదే కూర్చోబెట్టాలి.