బేస్‌బాల్ కార్డుల కేసు కొనేముందు

అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలుండే సేకరణ కార్డులను కేసుల (అనేక కార్డు పెట్టెలుండే పెద్ద అట్టపెట్టెల) లెక్కన కొని, సీలు విప్పకుండా దాచి, ధర పెరిగాక అమ్మాలనుకునేవారు అన్నిటికంటే ముందు ఆ సంవత్సరపు కార్డుల్లో ఏ కొత్త ఆటగాడి రూకీ కార్డు (అతని పేరిట వచ్చే తొలి కార్డు) ఉందో చూడాలి. టాప్స్ కంపెనీ 2011లో తెచ్చిన ‘అప్‌డేట్’ కార్డుల పెట్టెలకు గిరాకీ రావడానికి ప్రధాన కారణం వాటిలో, తర్వాత పెద్ద స్టార్ అయిన మైక్ ట్రౌట్ రూకీ కార్డు ఉండడమే. పాతబడినంత మాత్రాన విలువ వస్తుందని దయచేసి నమ్మకండి. 1980ల చివర్లో, 1990ల తొలినాళ్లలో కంపెనీలు లెక్కకు మించి అచ్చువేసిన కార్డుల పెట్టెలు ముప్ఫై ఏళ్లు దాటినా చాలావరకు చవకగానే దొరుకుతున్నాయి.

కేసు ఇంటికి చేరాక, లోపల పెట్టెలు సరిగా ఉన్నాయో లేదో చూద్దామని కూడా దానిని విప్పకూడదు. అట్టపెట్టె మీద కంపెనీ వేసిన టేపు చెక్కుచెదరకుండా ఉంటేనే, లోపలి పెట్టెలను ఎవరూ ముట్టుకోలేదన్న నమ్మకంతో కొనుగోలుదారు అదనంగా చెల్లిస్తాడు. చేరిన రోజే అన్ని వైపులా ఫోటోలు తీసి, తేమ తగలని చోట భద్రపరచండి.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది: కొన్ని పెట్టెల్లో ఆటగాడి సంతకమున్న కార్డుకు బదులుగా రిడెంప్షన్ కార్డు (కంపెనీకి చూపి అసలు కార్డు తెప్పించుకునే కూపన్ లాంటిది) ఉంటుంది, దానికి గడువు తేదీ ఉంటుంది కనుక, ఆ తేదీ దాటేదాకా దాచిన కేసు విలువ తగ్గవచ్చు. అమ్మకపు సైటు కమిషన్, రవాణా, బీమా ఖర్చులను కొనేముందే లెక్కలో తీసివేయండి.