మీలోని చిన్నారికి రాసే ఉత్తరం ఎక్కడ ఆగిపోతోంది?

చిన్నప్పటి గాయాలు మానడానికి, ఆనాటి మీకు ఈనాటి మీరు ఉత్తరం రాయాలి. పద్ధతి ఇంతే. అయినా చాలామంది ఒకటి రెండు ఉత్తరాల దగ్గరే ఆగిపోయి, ఇది తమకు పనిచేయదని తేల్చేసుకుంటారు. నేను గమనించినంతలో చిక్కు పద్ధతిలో లేదు, ఉత్తరం ఎవరు రాస్తున్నారన్న దాంట్లో ఉంది. ఆ రోజు ఆ బిడ్డ దగ్గరికి ఒక పెద్ద మనిషి రావలసింది, రాలేదు. ఇప్పుడు కలం పట్టవలసింది ఆ మనిషే. కానీ తరచుగా సలహాదారో న్యాయమూర్తో వచ్చి ఆ చోట కూర్చుంటారు.

సమస్య: కాగితం ముందు కూర్చుంటే ఒక్క మాటా రాదు

కారణం: మీరు బాల్యమంతటికీ కలిపి రాయబోతున్నారు. అయిదేళ్ల బిడ్డ భయం వేరు, పన్నెండేళ్ల బిడ్డ అవమానం వేరు. ఇద్దరికీ ఒకే ఉత్తరం చాలదు.

పరిష్కారం: ఒక వయసు, ఒక సంఘటన ఎంచుకోండి. ఏదీ తోచకపోతే ఈ వారం నుంచి వెనక్కి వెళ్లండి. పై అధికారి “ఒకసారి మాట్లాడాలి” అన్నంత మాత్రానికే గుండె దడదడలాడిందా? ఆ దడ మీకు మొదట తెలిసింది ఏ వయసులో? ఆ వయసు బిడ్డకే రాయండి. ఆనాటి ఫొటో ఉంటే ఎదురుగా పెట్టుకోండి. మూడేళ్లలోపు సంగతులు పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు కాబట్టి అంతకన్నా వెనక్కి తవ్వకండి.

సమస్య: ఉత్తరం పూర్తయింది, కానీ ఉపన్యాసంలా ఉంది

“ధైర్యంగా ఉండు. అన్నీ సర్దుకుంటాయి. పెద్దవాళ్లు ఏం చేసినా నీ మంచికే.” చదివితే మనసు కదలదు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

కారణం: ఏడుస్తున్న బిడ్డతో ఎలా మాట్లాడాలో మనం మన ఇంట్లోనే నేర్చుకున్నాం. అప్పుడు ఏడుపు ఆపమన్న గొంతే ఇప్పుడు మన చేతి రాతలో వినిపిస్తుంది. ట్రాన్సాక్షనల్ ఎనాలిసిస్ అనే సిద్ధాంతాన్ని రూపొందించిన మనోవైద్యుడు ఎరిక్ బెర్న్, ప్రతి మనిషిలోనూ పేరెంట్, అడల్ట్, చైల్డ్ అనే మూడు స్థితులు ఉంటాయన్నారు. పేరెంట్ స్థితిలో ఉండేది మనల్ని పెంచినవాళ్ల నుంచి ఎత్తుకున్న మాటతీరే. దాన్ని గుర్తుపట్టి పక్కకు జరపకపోతే ఆ బిడ్డకు మరోసారి అదే మందలింపు అందుతుంది.

పరిష్కారం: ముందు, మీరు చూసింది చూసినట్టు చెప్పండి. తప్పు ఎవరిదో తేల్చండి. నిజానికి ఏం జరగవలసిందో చెప్పండి. చివర ఇకమీదట మీరు నిజంగా చేయగలిగిన ఒక్క పని మాట ఇవ్వండి. ఉదాహరణకు ఇలా:

“చిన్నీ, చుట్టాలందరి ముందు నీ మార్కులు చదివి నవ్వారు. నువ్వు తలుపు వెనక నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నావు. నేను చూశాను. లెక్క రాకపోవడం నీ తప్పు కాదు. నిన్ను నవ్వులపాలు చేయడం తప్పు. ఎవరైనా నీ పక్కన కూర్చుని ఎక్కడ అర్థం కాలేదో అడగాల్సింది. ఎవరూ అడగలేదు. ఇకనుంచి నేను నిన్ను ఎవరితోనూ పోల్చను.”

రాశాక ఒక పరీక్ష పెట్టండి. ఆ వయసు బిడ్డకు అర్థం కాని మాట కనిపిస్తే కొట్టేయండి. “ఆత్మగౌరవం”, “క్షమాగుణం” లాంటివి మొదట పోవాలి. తర్వాత “కానీ” ఎక్కడుందో వెతకండి. “నీకు బాధ కలిగింది, కానీ వాళ్ల కష్టాలు వాళ్లవి” అన్న వాక్యంలో ఆ బిడ్డకు మిగిలేది రెండో సగమే. పెద్దవాళ్ల కష్టాలు నిజమే కావచ్చు. వాటికి వేరే కాగితం తీసుకోండి.

సమస్య: ఆ బిడ్డ మీద జాలి రాదు, చిరాకు వస్తుంది

కారణం: పిల్లలు పెద్దవాళ్ల మీద ఆధారపడి బతుకుతారు. అమ్మదో నాన్నదో తప్పు అనుకుంటే ఇక దిక్కెవరు? “నేనే చెడ్డదాన్ని” అనుకుంటే కనీసం ఆశ మిగులుతుంది: నేను మారితే నన్ను దగ్గరికి తీసుకుంటారు. ఆ నింద పెద్దయ్యాక కూడా మనతోనే ఉండి, ఆ చిన్న రూపం మీద చిరాకుగా బయటపడుతుంది.

పరిష్కారం: ప్రేమ నటించవద్దు. “అప్పుడు ఎందుకు ఎదురు తిరగలేదు?” అని ఉన్న కోపాన్నే రాయండి. తర్వాత మీకు తెలిసిన అదే వయసు బిడ్డ ఒకరిని తలచుకోండి. ఆ బిడ్డ ఎత్తెంత? ఇల్లు విడిచి ఎక్కడికి వెళ్లగలదు? ఎవరికి చెప్పుకోగలదు? ఇప్పుడు మీ ప్రశ్నకు మీరే జవాబు రాయండి.

సమస్య: రాశాక మనసు మరింత బరువెక్కింది

కారణం: కొంతవరకు ఇది సహజమే. 1986లో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. బాధాకరమైన సంఘటనల గురించి రాసినవాళ్లకు ఆ వెంటనే దిగులు పెరిగింది. అయితే జరిగినదాన్నీ దాని వెనకున్న భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. వాళ్లు రాసినవి ఇలాంటి ఉత్తరాలు కావు, అయినా ఆ సమయ పరిమితి మనకూ పనికొస్తుంది.

పరిష్కారం: పావుగంటకు అలారం పెట్టుకుని, మోగగానే ఆపండి. నిద్రకు ముందు రాయకండి. రాశాక ముఖం కడుక్కుని కాసేపు నడవండి. దిగులు రోజుల తరబడి వదలకపోయినా, నిద్ర చెడినా, ఆనాటి దృశ్యాలు పిలవకుండా కళ్ల ముందుకు వస్తున్నా ఉత్తరాలు ఆపి మానసిక నిపుణులను కలవండి. లైంగిక హింస, తీవ్రమైన కొట్టడం వంటివి అనుభవించినవాళ్లు మొదటి ఉత్తరం నుంచే నిపుణుల తోడు తీసుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే కలం పక్కన పెట్టి, ఆ క్షణమే నమ్మకమైన మనిషికి చెప్పండి. అత్యవసర సాయం కోరండి.

సమస్య: ఎన్నిసార్లు రాసినా అదే ఉత్తరం

కారణం: ఫిర్యాదు దగ్గరే తిరుగుతున్నారు. పెన్నబేకర్ ప్రయోగంలోలాంటి రాతలను విశ్లేషించినప్పుడు, రోజులు గడిచేకొద్దీ “ఎందుకంటే”, “ఇప్పుడు అర్థమైంది” వంటి మాటలు పెరిగినవాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది.

పరిష్కారం: ఈసారి ఆ బిడ్డ చేత జవాబు రాయించండి. కొందరు అలవాటు లేని చేత్తో రాస్తారు. రాత నెమ్మదించి మాటలు తగ్గుతాయి. “నాకేం కావాలంటే” అని మొదలుపెట్టి, వచ్చింది దిద్దకుండా వదిలేయండి.

సమస్య: ఇది నిజంగా జరిగిందా అన్న అనుమానం

కారణం: జ్ఞాపకం ఊహతో కలిసిపోగలదు. జ్ఞాపకాల మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారన్న కల్పిత కథను పాల్గొన్నవారిలో దాదాపు నాలుగో వంతు మంది పూర్తిగానో కొంతగానో గుర్తున్నట్టు చెప్పారు.

పరిష్కారం: ఖాళీలు పూరించకండి. “ఎవరు అరిచారో గుర్తులేదు, మంచం కింద దాక్కోవడం గుర్తుంది” అని రాస్తే చాలు. ఆ భయాన్ని ఓదార్చడానికి సాక్ష్యాలు అక్కర్లేదు.

సమస్య: ఉత్తరాన్ని అమ్మానాన్నలకు చూపించాలనిపిస్తోంది

ఈ ఉత్తరం వాళ్లకు రాసింది కాదు, దాచుకోండి. వాళ్లతో మాట్లాడాలంటే కొన్ని వారాలు ఆగి, మనసు కుదుటపడ్డాక, వాళ్ల నుంచి మీకు కావలసిన ఒక్క విషయం మాత్రమే అడుగుతూ మరో ఉత్తరం రాయండి. వాళ్లు కాదన్నా తట్టుకోగలననిపించినప్పుడే ఇవ్వండి.