డిసెంబరులో ఎవరికి క్రిస్మస్ అనాలి, ఎవరికి కొత్త సంవత్సరం అనాలి

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో ఫ్లెక్సీ వేయించేవాళ్లు, క్యాలెండర్లు పంచే దుకాణాదారులు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నడిపేవాళ్లు ఒకేచోట తడబడతారు. పేరుపెట్టి ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అనాలా, మతం ఊసెత్తకుండా కొత్త సంవత్సరం మీదికి పోవాలా?

ముందు తేల్చుకోవాల్సింది మతం సంగతి కాదు, చెప్పేది ఒక మనిషికా, గుంపుకా అన్నది. ఒక మనిషికైతే ఆ మనిషి చేసుకునే పండుగ పేరే చెప్పాలి. గుంపుకైతే అందులో ఎవరూ పక్కకు తప్పుకోనక్కరలేని మాట వాడాలి. ఈ రెండూ తారుమారైనప్పుడే తంటా. తెల్లవారుజామున చర్చికి బయల్దేరిన పక్కింటి వదినకు ‘సంవత్సరాంతపు శుభాకాంక్షలు’ అని పంపితే అది మర్యాద అనిపించుకోదు, ముభావంగా ఉంటుంది. అదే నలభై ఇళ్ల గ్రూపులో అసోసియేషన్ తరఫున బైబిలు వాక్యం పెడితే, వచ్చే నెలలో ఇంకొకరు ఇంకో శ్లోకం పెడతారు. ఆ తర్వాత గ్రూపులో నీళ్ల ట్యాంకర్ సంగతి మాట్లాడే ఓపిక ఎవరికీ మిగలదు.

పేరు చూసి మతం తేల్చొద్దు

పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే. రాయలసీమలో పేరుకూ మతానికీ పొత్తు తక్కువ. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలకు దస్తగిరి, మస్తానమ్మ, హుసేనప్ప, ఫక్కీరప్ప అని పెట్టుకున్న హిందూ కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండుగకు కొలువయ్యే కుళ్లాయిస్వామి పేరు మీద కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు ఎందరో. అటు ఆదివారం తప్పకుండా ఆరాధనకు పోయేవాళ్లలో వెంకటేశ్వర్లు ఉంటాడు, లక్ష్మీదేవి ఉంటుంది. షోరూములో కస్టమర్ల జాబితా ముందేసుకుని పేర్లను బట్టి ‘వీళ్లకు ఇది, వాళ్లకు అది’ అని మెసేజ్‌లు విడగొట్టే పని అసలు పెట్టుకోవద్దు. జాబితాకు పంపేది ఒకే మెసేజ్, అది కొత్త సంవత్సరానిదే.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని బయట ఎవరూ మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు అది వర్తించదు. అందుకని చర్చికి వెళ్లినా ఆ సంగతి ఇంటి గడప దాటనివ్వని ఉద్యోగులు ఉంటారు. ఆఫీసు గ్రూపులో అలాంటివారి పేరు ట్యాగ్ చేసి ‘హ్యాపీ క్రిస్మస్ సార్’ అంటే మీది ప్రేమే, ఇబ్బంది మాత్రం వాళ్లది. ఫోన్ చేసి చెప్పండి, లేదా విడిగా మెసేజ్ పెట్టండి.

మరి ఎలా తెలుసుకోవాలి? ఇంటి మీద కాగితపు నక్షత్రం వెలుగుతుంటే సందేహమే లేదు. పోయిన ఏడాది వాళ్లింటి నుంచి కేకు వచ్చి ఉంటే అదీ చాలు. ఏ ఆనవాలూ లేకపోతే ‘మీ ఇంట్లో క్రిస్మస్ చేస్తారాన్నా?’ అని అడగడంలో తప్పేమీ లేదు. అడిగితే నొచ్చుకునేవాళ్లు చాలా తక్కువ.

క్రైస్తవులైనంత మాత్రాన క్రిస్మస్ చేస్తారనీ లేదు. యెహోవాసాక్షులు క్రిస్మస్ చేయరు, పుట్టినరోజులూ చేయరు. బ్రదరెన్ సహవాసాల్లో కొందరు డిసెంబరు 25ను పండుగగా లెక్కపెట్టరు. వీళ్లకు ‘వందనాలండీ’ అని పలకరిస్తే సరిపోతుంది, అది ఏడాది పొడుగునా చెల్లే మాట.

క్రిస్మస్ అనే చెప్పాలనుకుంటే

అప్పుడు మొహమాటం వద్దు, మాట తిన్నగా ఉండాలి. ‘మీకూ ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ శుభాకాంక్షలు అక్కా’ చాలు. నోటితో అయితే మన వైపు ‘హ్యాపీ క్రిస్మస్’ అంటారు. చెప్పేవాళ్లు హిందువులో ముస్లింలో అయితే బైబిలు వాక్యాలు, ‘రక్షకుడు జన్మించెను’ వంటి మాటలు అరువు తెచ్చుకోనక్కరలేదు. తమ నమ్మకం కాని మాట పలికితే పైపూతగా వినబడుతుంది. ‘ప్రైజ్ ద లార్డ్’ కూడా అంతే, ఆ విశ్వాసంలో ఉన్నవాళ్ల నోటనే అది ఇముడుతుంది.

సంఘాన్ని బట్టి మాటలు కొద్దిగా మారతాయి. ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లకు ఫాదర్, దివ్యబలిపూజ, మరియమాత. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు వాళ్లకు పాస్టరుగారు లేదా అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. చర్చిలో జరిగేది ఆరాధన. కడపలో రాయలసీమ సీఎస్ఐ డయోసిస్ కేంద్రం ఉంది, 1976 నుంచి కేథలిక్కు మేత్రాసనమూ (బిషప్ పీఠం) ఉంది. కర్నూలులో బాప్టిస్టులు పాతకాపులు. కాబట్టి ఫ్లెక్సీ మీద ‘చర్చిలో ప్రత్యేక పూజలు’ అని రాసే ముందు అది ఏ చర్చో చూసుకోవాలి. ఆర్‌సీఎం చర్చికి ఆ మాట చెల్లుతుంది, సీఎస్ఐ చర్చి ముందు ఎబ్బెట్టుగా ఉంటుంది. అచ్చు వేసేటప్పుడు ‘క్రిష్టమస్’, ‘క్రిస్టమస్’ దొర్లకుండా ప్రూఫు చూడండి: క్రిస్మస్, యేసు, క్రీస్తు. డీటీపీ దుకాణంలో డిసెంబరు 20 తర్వాత ఇచ్చిన పనికి ప్రూఫు చూసే తీరిక ఎవరికీ ఉండదు, ముందే ఇచ్చుకోవాలి.

సమయం కూడా ముఖ్యమే. సెమీ క్రిస్మస్ పేరుతో డిసెంబరు మొదటి నుంచే వేడుకలు జరుగుతాయి గనుక ఆ సభలో శుభాకాంక్షలు చెప్పొచ్చు. వ్యక్తిగత మెసేజ్ మాత్రం 24 సాయంత్రం నుంచి 25 మధ్యాహ్నం లోపల పడితే బాగుంటుంది. 25 ఉదయం ఆరాధన వేళ ఫోన్ చేయొద్దు. 26 దాటాక గుర్తొస్తే క్రిస్మస్‌నూ కొత్త సంవత్సరాన్నీ కలిపి చెప్పేయండి, ఆలస్యానికి సంజాయిషీ అక్కర్లేదు. 31 రాత్రి చాలా చర్చిల్లో వాచ్‌నైట్ ఆరాధన ఉంటుంది, పన్నెండింటికి చేసిన ఫోన్ ఎవరూ ఎత్తరు.

ఆ ఏడాది చావు జరిగిన ఇంటికి ‘హ్యాపీ’ అన్న మాట పంపొద్దు. హిందూ ఇళ్లలో ఏటిసూతకం ఉంటే పండుగలే చేయరు, వాళ్లకు జనవరి 1న కూడా పలకరింపుతో ఆపేయాలి. క్రైస్తవ కుటుంబమైతే ‘ఈ పండుగ రోజుల్లో దేవుడు మీకు ఆదరణ ఇవ్వాలని కోరుకుంటున్నాం’ అనండి.

అందరికీ వర్తించే మాట

‘2027 సంవత్సరం మీకూ మీ కుటుంబానికీ ఆరోగ్యంగా, సంతోషంగా సాగాలని కోరుకుంటున్నాం’ అన్నదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. ‘మన సంవత్సరాది ఉగాది కదా’ అనేవాళ్లు ప్రతి గ్రూపులో ఇద్దరు ముగ్గురు తేలతారు. వాళ్ల మాటా నిజమే. అలాంటిచోట ‘నూతన సంవత్సరాది’ అనకుండా అంకె వేసి ‘2027’ అనండి, వాదన అక్కడితో ఆగుతుంది. ‘దేవుని కృపతో’, ‘భగవంతుని ఆశీస్సులతో’ రెండూ తీసేయాలి. మొదటిది ఒకవైపు, రెండోది ఇంకోవైపు మొగ్గు చూపిస్తాయి.

మాట తటస్థంగా ఉన్నా బొమ్మ దొరికిపోతుంది. కింద ‘కొత్త సంవత్సర శుభాకాంక్షలు’, పైన తోకచుక్క, గంటలు, శాంటా తాత ఉంటే అది క్రిస్మస్ కార్డే. స్కూలు వార్షికోత్సవానికి, బ్యాంకు బ్రాంచి గోడకు అంకెలు, పూలు, బెలుం గుహలు, గండికోట, లేపాక్షి నంది వంటి బొమ్మలు వాడుకోవచ్చు. నందిని కొందరు గుడి బొమ్మగా చూస్తారు గనుక గండికోట ఇంకా నిక్షేపం.

డిసెంబరు అంటే క్రిస్మస్ ఒక్కటే కాదన్నది గుంపు మెసేజ్ రాసేవాళ్లు మరిచిపోతారు. ధనుర్మాసం నెల మధ్యలో మొదలవుతుంది. వైకుంఠ ఏకాదశి 2023లో డిసెంబరు 23న, 2025లో డిసెంబరు 30న వచ్చింది. అయ్యప్ప మాల వేసినవాళ్లకు మండల పూజ క్రిస్మస్ మర్నాడో ఆ పైరోజో పడుతుంది. దీక్షలో ఉన్నవారిని పేరుతో కాకుండా ‘స్వామీ’ అనాలి, కేకు ఇస్తే గుడ్డు లేనిదే ఇవ్వాలి. ముస్లింల పండుగలు చాంద్రమానం కావడంతో ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి. 2000లో రంజాన్ పండుగ డిసెంబరు ఆఖరి వారంలోనే పడింది, 2030 డిసెంబరు ఆఖర్లో మళ్లీ ఉపవాసాలు మొదలవుతాయి. కాబట్టి గ్రూపు మెసేజ్ రాసే ముందు ఆ ఏటి క్యాలెండరు ఒకసారి తిప్పి చూడాలి.

దుకాణం క్యాలెండర్లు

మన ఊళ్లలో అసలైన డిసెంబరు శుభాకాంక్ష ఇదే. బంగారం కొట్టు, విత్తనాల దుకాణం, బియ్యం మిల్లు పంచే గోడ క్యాలెండరు ఏడాది పొడుగునా ఇంట్లో వేలాడుతుంది. శివకాశి నమూనా ఆల్బమ్‌లు ఆగస్టులోనే వస్తాయి, ఆర్డరు అక్టోబరులోపు ఇస్తే బొమ్మలు ఎంచుకునే వీలుంటుంది.

మొదటి ఏడాది 500 వేయిస్తుంటే 200 ప్రకృతి దృశ్యాలు, 200 వేంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, మిగిలిన వందలో యేసు బొమ్మవీ మక్కా బొమ్మవీ చెరిసగం తీసుకోండి. కడపలోనో, కర్నూలు పాతబస్తీ వైపో దుకాణమైతే మక్కావి పెంచాలి. ఏవి మిగిలాయో జనవరిలో లెక్కేసుకుని తర్వాతి ఏడాది మార్చుకోవాలి. పంచేటప్పుడు మొహం చూసి తీసివ్వొద్దు, రకానికొకటి బల్ల మీద పరిచి ‘ఏది కావాలో తీసుకోన్నా’ అనండి. ఓం, శిలువ, నెలవంక మూడూ కలిపిన బొమ్మ తటస్థం అనుకుంటారు గానీ, దాన్ని ఏ ఇంట్లోనూ పూజ గోడకు తగిలించరు, హాల్లో తగిలించడానికీ తటపటాయిస్తారు. మిగిలిపోయేవాటిలో అదే ఎక్కువ.

దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు నేల మీద పెట్టొద్దు, చుట్టి రబ్బరు వేసి సైకిలు క్యారియరుకు కట్టివ్వొద్దు. హోల్‌సేల్‌గా లారీ ఆఫీసులకు, హోటళ్లకు పంపేవి ప్రకృతి దృశ్యాలే అయితే మంచిది. ఏడాది తిరిగాక వాటితో పొట్లాలు కట్టినా ఎవరికీ నొప్పి ఉండదు.

బయటి దేశాలకు పంపేటప్పుడు

అమెరికాలో కంపెనీ మెయిళ్లకు ‘హ్యాపీ హాలిడేస్’ వాడుక. అక్కడ అదే నెలలో యూదుల హనుక్కా రావచ్చు, 1966లో మొదలైన ఆఫ్రికన్ అమెరికన్ల వేడుక క్వాంజా డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా సాగుతుంది. అవతలివాళ్లు ‘మెర్రీ క్రిస్మస్’ అని రాస్తే జవాబులో అదే రాయండి. 20 దాటితే చాలామంది సెలవులో ఉంటారు, మెయిల్ అంతకు ముందే పోవాలి. ఇంగ్లండులో 26 కూడా సెలవే. ఆస్ట్రేలియాలో అప్పుడు నడి వేసవి, మంచు బొమ్మల కార్డు పంపితే నవ్వుకుంటారు. మెడిసిన్ చదువుకు రష్యా, జార్జియా వెళ్లిన పిల్లలు అక్కడి అధ్యాపకులకు చెప్పాలంటే ఆ దేశాల్లో ఆర్థొడాక్స్ చర్చి క్రిస్మస్ జనవరి 7న.

తప్పు మెసేజ్ పోయిందని తర్వాత తెలిస్తే డిలీట్ చేయొద్దు, అది ఇంకా ఎక్కువమంది కంట్లో పడుతుంది. నొచ్చుకున్న మనిషికి విడిగా ‘తెలీక పంపినానన్నా, ఏమనుకోవద్దు’ అని ఒక్క ముక్క చెప్పి, గ్రూపులో మామూలు సంగతుల్లోకి వెళ్లిపోవాలి. మీకు చెల్లని శుభాకాంక్ష ఎవరైనా చెప్పినా ‘థ్యాంక్సన్నా, మీకూనూ’ అనేస్తే సరి.